వెలుగు కాస్త తగ్గించు స్వామీ!

మన వయసు వాళ్లు తరచుగా అనే మాట ఒకటుంది: "పూజలో కూర్చుంటే చీకటి తప్ప ఏమీ కనబడదు బ్రో, రెండ్రోజులు చేసి వదిలేశా." దీనికి జవాబు మన కంట్లోనే దొరుకుతుంది.

మాది చాపాడు, ప్రొద్దుటూరు నుంచి మైదుకూరు పోయే దారిలో. మా పక్క ఎండల గురించి మీకు తెలిసిందే. ఆ ఎండలో రంగులు చూపించేవి కోన్స్ అనే కణాలు. ఒక్కో కంట్లో సుమారు 60 లక్షలు, మూడు రకాలు. ఆ మూడూ పంపే సిగ్నల్స్‌లోని తేడానే మెదడు రంగుగా చదువుకుంటుంది. కేసీ కెనాల్ కింద వరి పచ్చగా కనిపించేది ఆ తేడా వల్లే.

మరి వెలుగు మితిమీరితే? మూడూ ఒకేసారి నిండిపోతాయి, తేడా చెరిగిపోతుంది. ఇత్తడి బిందె మీద సూర్యుడు మెరిసే చోట చూడండి. అక్కడ పసుపు రంగు ఉండదు, తెల్లటి మెరుపే.

ఈశావాస్యోపనిషత్తులో ఋషి సూర్యుణ్ని ఇంకా వెలుగిమ్మని అడగలేదు. సత్యాన్ని బంగారు మూత కప్పేసింది, దాన్ని తొలగించి నీ కిరణాలను వెనక్కి తీసుకో అని వేడుకున్నాడు. ఆయన కోన్స్ గురించి చెప్పాడని నేను అనను. కానీ మెరుపు కూడా ఒక తెరే అని ఆయనకు తెలుసు.

ఎండలోంచి గర్భగుడి ముందుకు వస్తే మొదట అంతా నల్లగా ఉంటుంది. మసక వెలుతురులో చూసే రాడ్స్ అనే కణాల్లోని రోడాప్సిన్ ఎండకు విరిగిపోయి ఉంటుంది. అది మళ్లీ తయారై చూపు పూర్తిగా అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు కావాలి. స్వామి అక్కడే ఉన్నాడు, మన కన్నే ఇంకా ఎండలో ఉంది.

మనసూ అంతే. రోజంతా రీల్స్, ప్యాకేజీలు, ప్రమోషన్ల మెరుపులో తిరిగి, రెండు నిమిషాలు కళ్లు మూసుకుని "దేవుడు లేడు" అని తేల్చేస్తే ఎట్లా?

ఈ ఆదివారం ఒక పని చేయండి. పూజకు అరగంట ముందే ఫోన్ పక్కన పెట్టి, దీపం ఒక్కటే వెలిగించి కూర్చోండి. ఏదో కనబడాలని తొందరపడకండి. ఇంకో మాట, భక్తి పేరుతో సూర్యుణ్ని నేరుగా చూడొద్దు, రెటీనా దెబ్బతింటుంది. చూపు ఆయన ఇచ్చిందే, దాన్ని కాపాడుకోవడమూ పూజే.

ఓం సూర్యాయ నమః.