వెనక కట్టుకున్న ఇల్లు

తిరుపతి నుంచి చెన్నైకి పోయే 716వ నంబరు జాతీయ రహదారి రేణిగుంట, పుత్తూరు దాటి నగరి మీదుగా తిరుత్తణి వైపు సాగుతుంది. ఆ దారిలో నగరి దగ్గర కాసేపు నిలబడితే లాగించుకునే బండ్లలో రెండు జాతులు కనిపిస్తాయి. ఒకటి ట్రాక్టరు వెనక కొక్కేనికి తగిలించిన ట్రైలరు. ఇటుకలో, గడ్డో, చెరకో వేసుకుని అదురుకుంటూ వస్తుంది. రెండోది కంటైనర్లు తోలే పొడవాటి లారీ. దాని పెట్టె ముందు భాగం ఇంజను బండి వీపు మీద ఎక్కి కూర్చుని ఉంటుంది. 1988 మోటారు వాహనాల చట్టం ఈ రెండింటినీ విడదీసే చెప్పింది. కొంత భాగం లాగే బండి మీద ఆని, తన బరువులో కొంత దాని చేత మోయించేదాన్ని ‘సెమీ ట్రైలర్’ అంది.

అమెరికాలో రిటైరైనవాళ్లు చాలామందికి ఈ తేడా చట్టంలో చదువుకునే విషయం కాదు. ఇంట్లో రోజూ నడిచే చర్చ. అక్కడ వంటిల్లు, పడక, స్నానాలగది అన్నీ ఉన్న ఇంటిని బండి వెనక కట్టుకుని దేశం తిరగడం పాత అలవాటు. కారుకో పికప్‌కో వెనక కొక్కేనికి తగిలిస్తే ట్రావెల్ ట్రైలర్. పికప్ తొట్టిలో బిగించిన పళ్లెం లాంటి కొక్కెం మీద ముందు భాగాన్ని ఆనిస్తే ఫిఫ్త్ వీల్. ఎప్పుడో కొనుక్కున్న చిన్న ట్రైలర్‌నే బాగుచేయించుకుని తిరగాలా, ఉద్యోగం అయిపోయింది కాబట్టి పెద్ద ఫిఫ్త్ వీల్ కొనాలా? 1965 వలస చట్టం తర్వాత వెళ్లిన తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లలో మొదటి వరస ఎప్పుడో రిటైరైంది. వై2కె రోజుల్లో వెళ్లినవాళ్లు ఇప్పుడు యాభై దాటి అరవైల వైపు నడుస్తున్నారు. ఈ ప్రశ్న ఇక వాళ్ల ఇళ్లలోకీ వస్తుంది. చిత్తూరు, తిరుపతి వైపు నుంచి వెళ్లినవాళ్లకు ఇందులో కొత్తదనం తక్కువే. ఎద్దులబండి తోలిన తాత జ్ఞాపకం ఉంటే లెక్క సగం తెలిసినట్టే.

ఎద్దులబండిలో బరువు ఇరుసుకు ముందు ఎక్కువైతే కాడి మీదకు దిగుతుంది, ఎద్దుల మెడలు పుండ్లు పడతాయి. వెనక ఎక్కువైతే నొగలు పైకి లేస్తాయి, మెడ కింద తాడు గొంతుకు బిగుసుకుంటుంది. ముందుకు కాస్త మొగ్గి ఉండేలా బస్తాలు సర్దడమే బండివాడి నేర్పు. ట్రావెల్ ట్రైలర్ సంగతీ ఇంతే. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు కొక్కెం మీద పడాలని అక్కడి లెక్క. అంతకు తగ్గితే, పక్కనుంచి పెద్ద లారీ దూసుకుపోయినప్పుడో గాలి కొట్టినప్పుడో ట్రైలరు తోక ఊపడం మొదలుపెడుతుంది. ఒకసారి ఆ ఊపు అందుకుందంటే ముందున్న కారును కూడా తనతో తిప్పేస్తుంది.

ఫిఫ్త్ వీల్‌లో అతుకు పికప్ వెనక ఇరుసుకు నేరుగా పైన ఉంటుంది. అందుకే తోక ఊపడం చాలా తక్కువ, మలుపులు సాఫీగా తిరుగుతుంది, రోడ్డు మీద నిలకడగా పోతుంది. ఈ మెచ్చుకోలు న్యాయమైనదే. అయితే ఆ నిలకడ ఊరికే రాదు. ఇంటి బరువులో ఐదో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, పికప్ వీపు మీదకు ఎక్కుతుంది. ఐదు టన్నుల ఇల్లు అనుకుంటే ఒక టన్ను. దానికి మొగుడూ పెళ్లాల బరువు, కొక్కెం బరువు, ఆవకాయ జాడీలు, బియ్యం బస్తా కలపాలి. మామూలు పికప్ మోయగలిగేది చాలాసార్లు టన్నుకు తక్కువే. ఎంత మోయగలదో డ్రైవరు తలుపు పక్కన చిన్న కాగితం మీద అచ్చు వేసే ఉంటుంది. ఇల్లు చూసి ముచ్చటపడి కొన్నవాళ్లలో చాలామంది ఆ కాగితాన్ని కొన్న తర్వాతే చదువుతారు. అప్పుడు పికప్ కూడా మార్చాల్సి వస్తుంది. ఒక వస్తువు కొనబోయి రెండు కొంటారు. ఆ రెండోది ఇంకాస్త పెద్ద ఇంటిని కూడా లాగగలదు కాబట్టి కొన్నాళ్లకు మూడోది కొనాలన్న ఆలోచన కూడా పుడుతుంది.

పెద్ద ఇల్లు కావాలా వద్దా అని మొదలయ్యే ప్రశ్న చివరికి లాగేది ఏది, లాగేవాళ్లు ఎవరు అన్న దగ్గరికే వచ్చి ఆగుతుంది. రిటైర్మెంట్ కోసం చేసే ఏర్పాట్లలో చాలావాటిని ఈ కొలతతో చూడవచ్చు. వెనక ఏం కట్టుకోవాలన్నది అందరూ మాట్లాడతారు, దాన్ని లాగాల్సిన మోకాళ్లు, కళ్లు, పెన్షన్ గురించి మాత్రం మొహమాటపడతారు.

ఫిఫ్త్ వీల్ రకం అతుకుతో ఇళ్లు కట్టినవాళ్లలో ముందువరస మనిషి గ్లెన్ కర్టిస్. రైట్ సోదరులతో పోటీపడి విమానాలు కట్టినవాడు. 1920ల్లో ఫ్లోరిడాలో ‘ఏరోకార్’ అనే ట్రైలర్ తయారుచేశాడు. అటువైపు మామూలు ట్రైలర్లకు పేరు తెచ్చినవాడు వాలీ బయామ్. అతని ఎయిర్‌స్ట్రీమ్ కంపెనీ 1936లో తెచ్చిన ‘క్లిప్పర్’ వెండి రంగులో మెరిసే గుండ్రటి అల్యూమినియం ఇల్లు. 1959లో మొదలుపెట్టి తన ట్రైలర్ల బారును కేప్‌టౌన్ నుంచి కైరో దాకా నడిపించాడు. ఆ బారులో వెళ్లినవాళ్లలో చాలామంది వయసు మళ్లినవాళ్లే. రోడ్లు లేనిచోట బురదలో దిగబడి, ఒకరి బండిని ఒకరు లాగుకుంటూ పోయారు. ఫిఫ్త్ వీల్ దుకాణంలో అమ్మకందారు చూపించే పొయ్యిగూడు, రిక్లైనర్ కుర్చీలు చూస్తున్నప్పుడు ఆ ప్రయాణం గుర్తుకొస్తే కొంచెం నవ్వొస్తుంది.

వయసు విషయానికొద్దాం. ఫిఫ్త్ వీల్‌లో పడకగది పికప్ మీదుగా ఎత్తులో ఉంటుంది. అంటే లోపల రెండు మూడు మెట్లు. అరవై రెండేళ్లకు అవి మెట్లే కావు. డెబ్భై రెండుకు, రాత్రి రెండుసార్లు లేవాల్సి వచ్చేవాళ్లకు, అవి మెట్లే. మొత్తం ఎత్తు సుమారు 13 అడుగులు. పెద్ద రహదారుల్లో ఇబ్బంది లేదు. చూడదగ్గ చోట్లలో ఉంది. యూటా రాష్ట్రంలోని జియాన్ పార్కులో 1930లో తెరిచిన సొరంగం ఉంది. పొడవు మైలు పైచిలుకు. 11 అడుగుల 4 అంగుళాల ఎత్తు, 7 అడుగుల 10 అంగుళాల వెడల్పు దాటిన బండి పోవాలంటే ఎదురుగా వచ్చేవాళ్లను ఆపాల్సిందే. అందుకు విడిగా రుసుము పెట్టారు. 2026 జూన్ నుంచి పెద్ద బండ్లను ఆ దారిలోకే రానివ్వబోమని ప్రకటించారు. చిన్న ట్రైలరైనా బాగా సన్నంగా ఉంటేనే అందులో పడుతుంది. ఫిఫ్త్ వీల్‌కి ఆశే లేదు. తిరుమల ఘాట్ రోడ్డు ఎరిగినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. 1944లో వేసిన మొదటి దారిలో కిందకు దిగుతూ ఆ ముడి మలుపుల దగ్గర బస్సు ముక్కు లోయ మీదకు వెళ్లి వచ్చే క్షణం అందరికీ తెలుసు. అక్కడ వెనక ఇంకో ఇల్లు కూడా ఉందని ఊహించుకుంటే చాలు.

వెనక్కి నడపడం ఇంకో విద్య. ట్రైలరు కుడికి పోవాలంటే స్టీరింగు ఎడమకు తిప్పాలి. నగరి చుట్టుపక్కల మిల్లుల్లో, సందుల్లో ట్రాక్టరు కుర్రాళ్లు వెనక్కి చూస్తూ, ఫోన్‌లో మాట్లాడుతూ కూడా అంగుళం తేడా లేకుండా ట్రైలరు పెట్టేస్తారు. అరవై దాటి మొదలుపెట్టినవాళ్లకు ఆ చేతివాటం రావడానికి ఖాళీ మైదానాలు కావాలి, పక్కన ఓపికగా చెయ్యి ఊపే మనిషి కావాలి. ఆ చెయ్యి ఊపే మనిషి సాధారణంగా భార్య. ఆమె ఏ పక్కకు ఊపిందో ఈయనకు ఏ పక్కకు అర్థమైందో అన్న దగ్గర ముప్పై ఏళ్ల కాపురం పరీక్షకు నిలుస్తుంది.

ఇక్కడే అసలు లెక్క ఒకటుంది. దాన్ని ధరల పట్టికలో ఎవరూ రాయరు. ఆయనకు జ్వరం వస్తే, కంటి ఆపరేషన్ అయితే, ఆ పికప్‌ను, దాని వెనక ఇంటిని ఆమె నడపగలదా? మన దంపతుల్లో దూరప్రయాణపు స్టీరింగ్ చాలావరకు ఒకరి చేతిలోనే ఉంటుంది. చిన్న ట్రైలర్ అయితే ఆమె కూడా నేర్చుకోవచ్చు, నేర్చుకున్నవాళ్లున్నారు. పన్నెండు మీటర్ల ఫిఫ్త్ వీల్ విషయంలో ‘ఆయన ఉన్నాడుగా’ అనేస్తారు. ఆయన లేనిరోజు ఆ ఇల్లు ఎక్కడ ఆగితే అక్కడే. ఈ వ్యాసకర్త దృష్టిలో ఫిఫ్త్ వీల్ కొనకపోవడానికి ఈ ఒక్క కారణం చాలు. మెట్లు, ఎత్తు, కొక్కెం బరువు దీని తర్వాతే.

నగరిలో ఉండి రిటైరయ్యేవాళ్లకు ఈ లాగే ఇళ్లేవీ దుకాణంలో దొరకవు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగుల విరమణ వయసు 2022 జనవరి నుంచి 62. అమెరికా జాతీయ పార్కుల్లో జీవితాంతం చెల్లే 80 డాలర్ల పాసు వాళ్ల పౌరులకు, శాశ్వత నివాసులకు ఇచ్చేదీ 62 ఏళ్లకే. ఆ వయసుకు అక్కడివాళ్లు గ్రాండ్ కాన్యన్ అనుకుంటే ఇక్కడివాళ్లు అరుణాచలం, రామేశ్వరం, కుదిరితే కాశీ అనుకుంటారు. బండి మాత్రం మారుతుంది. చాలా ఇళ్లలో పాత మారుతి ఓమ్నీ ఇంకా నడుస్తోంది. 1984లో వచ్చి 2019లో ఆగిపోయిన ఆ 796 సీసీ డబ్బాలో సీట్లు మడిచి చాపలు పరిచి, స్టవ్వు, చిన్న సిలిండరు, పులిహోర డబ్బా పెట్టుకుని ఎన్ని కుటుంబాలు కొండలెక్కాయో. ఇప్పుడు కొడుకులు టెంపో ట్రావెలర్ కొని లోపల పడకలు వేయించుకోమంటారు. కేరళ 2021లో క్యారవాన్ యాత్రలకు ఒక విధానమే ప్రకటించింది, ఆ వీడియోలు నగరి ఫోన్లలో కూడా తిరుగుతున్నాయి. శ్రీసిటీలో 2016లో మొదలైన ఇసుజు ఫ్యాక్టరీలో డి-మాక్స్ పికప్‌లు తయారవుతున్నాయి. ఆస్ట్రేలియాలో అమ్మే డి-మాక్స్ మూడున్నర టన్నుల ట్రైలరు లాగుతుంది. అంటే లాగే బండి మన ఇంటి పక్కనే పుడుతోంది, దాని వెనక కట్టే ఇల్లే మన రోడ్లకు ఇంకా రాలేదు.

ఆ ఇల్లు వచ్చినా లాగేవాడి గడువు కూడా చట్టం రాసే పెట్టింది. 55 దాటినవాళ్లకు లైసెన్సు ఒక్కో విడత ఐదేళ్లకే ఇస్తారు. సొంతబండి రిజిస్ట్రేషను పదిహేనేళ్లు, తర్వాత ఐదేసి ఏళ్లు. 62లో కొత్త బండి కొన్నవాడికి 77 దాకా బండి కాగితాలు పక్కాగా ఉంటాయి. తన కాగితాలు మాత్రం మధ్యలో రెండు మూడుసార్లు ఆఫీసు చుట్టూ తిరిగి తెచ్చుకోవాలి. ఈ అంకెల్లో నిరాశ ఏమీ లేదు. కొనేటప్పుడు బండి ఎన్నాళ్లుంటుందని అడుగుతాం, అడగాల్సిన రెండో ప్రశ్నను అవి పక్కనే నిలబెడతాయి, అంతే.

తెలుగులో ఇంటిని వెంట తీసుకెళ్లినవాళ్లలో అందరికన్నా ముందు గుర్తొచ్చేవాడు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ. 1830 మే 18న మద్రాసు వదిలి తిరుపతి, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు మీదుగా కాశీ వెళ్లి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. వెంట సుమారు వంద మంది. పల్లకీ, బోయీలు, డేరాలు, వంట సామగ్రి, మజిలీ మజిలీకి దినచర్య రాసే కలం. స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లె పూనికతో 1838లో అచ్చయిన ఆ కాశీయాత్ర చరిత్ర, రాజు కాని ఒక ఉద్యోగి తన ఇంటిని మోయించుకుంటూ చేసిన ప్రయాణానికి ఒక లెక్కల పుస్తకం కూడా. ఏ ఊళ్లో ఏం దొరుకుతుంది, నీళ్లెక్కడ, దిగడానికి చోటెక్కడ, దారి ఎలా ఉంది అన్నీ రాశాడు. లాగే శక్తి అక్కడ గుర్రపుశక్తుల్లో లేదు, మనుషుల భుజాల్లో ఉంది. వాళ్ల కాళ్లు ఎంత నడవగలవో అంతే ఆ రోజు ప్రయాణం. ఆ భుజాల వైపునుంచి రాసిన పుస్తకం మాత్రం మనకు లేదు. ఇవాళ ఆ భుజాల స్థానంలో డీజిల్ ఇంజను వచ్చింది. ఒక రకంగా మేలే. కానీ బోయీలు అలిసిపోయామని చెప్పగలరు. ఇంజను చెప్పదు, లాగుతూనే ఉంటుంది. స్టీరింగు వెనక కూర్చున్న అరవై ఏళ్ల మనిషీ చెప్పడు, ఎందుకంటే ఇల్లు కొన్నది ఆయనే.

పాత గ్రంథాల్లో ఈ వయసుకు వానప్రస్థం అన్నారు. అది ఇల్లు వదలడం. ఇప్పటి పద్ధతి ఇంటినే వెంట తీసుకెళ్లడం. దీన్ని తప్పుపట్టనవసరం లేదు. ముప్పై ఏళ్లు ఆఫీసుకు కట్టేసి ఉన్న మనిషి తన పరుపు మీద తానే పడుకుంటూ, పొద్దున తన ఫిల్టర్ కాఫీ తానే తాగుతూ కొత్త కొండను చూడాలనుకోవడంలో తప్పేముంది? ఎంత ఇంటిని వెంట తీసుకెళ్తే బయట కొండ కనబడుతుంది, ఎంతకు మించితే కొండకు బదులు టీవీ కనబడుతుంది అన్నదే సందేహం. ఫిఫ్త్ వీల్‌లో గోడ పక్కకు జరిగి గది వెడల్పవుతుంది, సోఫా ఎదురుగా పెద్ద తెర ఉంటుంది. వాన పడితే అది వరమే. వాన లేని రోజున కూడా అదే తెర ముందు కూర్చోబెట్టగలదు. చిన్న ట్రైలరులో చోటు తక్కువ, కాబట్టి మనుషులు బయట కుర్చీ వేసుకుంటారు. పక్క ట్రైలరువాళ్లతో మాట కలుస్తుంది. నగరి స్వాములు శబరిమల దారిలో చింతచెట్ల కింద బస్సు ఆపి వంట చేసుకున్నప్పుడు కూడా ఇలాగే పక్క బస్సువాళ్లతో సాంబారు పంచుకుంటారు.

పాతదాన్నే ఉంచుకునేవాళ్లు డబ్బు ఎక్కడ పెట్టాలో అమ్మకందారులు చెప్పరు, మెకానిక్కులు చెప్తారు. ముందు బ్రేకులు, ఇరుసు బేరింగులు. తర్వాత పరుపు. అది బాగాలేకపోతే నడుం నొప్పితో మూడోరోజే ఇంటికి తిరుగుతారు. ఆ తర్వాత, నీళ్లు, బట్టలు, బియ్యం అన్నీ ఎక్కించి ఒకసారి వేబ్రిడ్జి మీద తూచుకోవాలి. అమెరికాలో లారీలు ఆగే పెద్ద బంకుల దగ్గర ఈ కాటాలుంటాయి. వీటన్నిటికన్నా ముందు టైర్లు. ట్రైలరు టైరు అరగకపోయినా ఎండకు, వయసుకు పగులుతుంది. ఏళ్ల తరబడి ఇంటి పక్కన ఎండలో నిలబెట్టిన ట్రైలరుకు ఆ ముప్పు ఇంకా ఎక్కువ. టైరు పక్కగోడ మీద అచ్చయిన కోడ్ చివర నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 3517 అని ఉంటే అది 2017లో 35వ వారంలో తయారైంది. దాన్ని మార్చాక మిగిలిన సంగతులు మాట్లాడుకోవచ్చు.