తెలియక చేసినా ఫలిస్తుందా?

"కంప్యూటర్‌కే అర్థం తెలీదన్నారుగా మేడమ్, మరి మాకెందుకు తెలియాలి?" అని అడిగాడు బీఏ మొదటి ఏడాది కుర్రాడు. ల్యాబంతా గొల్లుమంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. చాలా మతాలు ఏదో ఒక కాలంలో తలపట్టుకున్న ప్రశ్న అది. మంత్రమో, ప్రార్థనో అర్థం తెలియకుండా పలికితే ఫలం దక్కుతుందా, దక్కదా?

పల్నాడులో ఒక డిగ్రీ కాలేజీలో పాఠం చెబుతాను. కంప్యూటర్ సైన్సు పిల్లలు నా దగ్గరికి రారు. బీఏ, బీకాం వాళ్లకి వర్డు, ఎక్సెల్, పవర్‌పాయింటు, మెయిల్ మెర్జ్ నేర్పే తొలి కోర్సు నాది. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివిన వాళ్లకి మెనూలో మాటలు వట్టి చప్పుళ్లు. అందుకని "పైన మూడోది నొక్కాలి, కింద రెండోది నొక్కాలి" అని రికార్డులో రాసుకుంటారు. ఇంకో వెర్షన్ ఉన్న కంప్యూటర్ ముందు కూర్చోబెడితే చేతులు ఆగిపోతాయి. కానీ ఒకటి ఒప్పుకోవాలి. ఆ రికార్డు ప్రకారం చేస్తే నలభై మందికి నలభై ఉత్తరాలూ ఎవరి పేరుతో వాళ్లకి ప్రింటవుతాయి. ఫలం దక్కినట్టే కదా. మార్కులూ దక్కుతాయి.

వాళ్లని చూసి విసుక్కోలేను. మాది ఫిరంగిపురం దగ్గర కథోలిక కుటుంబం. మా అమ్మమ్మ సిస్టరమ్మల బడిలో నాలుగక్షరాలు నేర్చుకుని గుడిలో పాటల జట్టులో పాడేది. అప్పట్లో పూజంతా లాటిన్‌లోనే. సిస్టరమ్మ రాగం నేర్పింది, వీళ్లు పట్టుకున్నారు. 1963 డిసెంబరులో రెండో వాటికన్ మహాసభ పూజలో మాతృభాషలు వాడుకోవచ్చని తీర్మానించింది. ఆ తర్వాత మా గుడిలోకీ తెలుగు వచ్చింది. "కీరియే అంటే పండగ పాటనుకుని గొంతెత్తి పాడేదాన్నే. కనికరించమని బతిమాలుకోవడమంటే అది!" అనేది అమ్మమ్మ, బుగ్గన చెయ్యి పెట్టుకుని. తెలిశాక ఆ చోట గొంతు తగ్గించి పాడిందట. ఆ ముక్క లాటిన్ కూడా కాదని, గ్రీకని ఆవిడకి చివరిదాకా తెలీదు. అంతమాత్రాన అన్నేళ్ల పాట దేవుడి దాకా వెళ్లలేదని అనడానికి నాకు నోరు రాదు.

మా కాలేజీ సంస్కృతం మాస్టారి దగ్గర ఈ మాట ఎత్తితే ఆయనకి పండగే. వేదంలో మాటలకి అర్థం చెప్పే యాస్కుడి నిరుక్తంలోనే ఈ తగాదా ఉందన్నారు. మంత్రాలకి అర్థమే లేదని వాదించిన కౌత్సుడి మాట యాస్కుడు ఎత్తి చూపి, ఒక్కొక్కదానికీ జవాబిస్తాడట. వేదం వల్లించి అర్థం ఎరగనివాణ్ని బరువు మోసే స్తంభమనే పోలిక కూడా ఆ గ్రంథంలోనే ఉంది. ఛాందోగ్యోపనిషత్తు మొదట్లో ఇంకాస్త మెత్తటి తీర్పు కనిపిస్తుంది. తెలిసినవాడూ కర్మ చేస్తాడు, తెలియనివాడూ చేస్తాడు. తెలిసి, శ్రద్ధగా చేసినదానికి బలం ఎక్కువ. తెలియనివాడిది వట్టిపోతుందని మాత్రం అనలేదు. మా ల్యాబ్‌లో ముందు వరసలో కూర్చునే అమ్మాయి చిన్నప్పుడే ఖురాన్ మొత్తం అరబీలో చదివేసింది. ఉర్దూ తర్జుమా ఈ మధ్యే మొదలుపెట్టింది. "ముందు చదివింది వృథా అయిందా?" అని అడిగితే, అలా ఎలా అవుతుందన్నట్టు నా మొహంలోకి చూసింది.

ఇన్ని విన్నాక నాకు ఒక తేడా తోచింది. అమ్మమ్మకి అర్థం తెలీకపోయినా, ఆవిడ నమ్మకం ప్రకారం, వినేవాడికి తెలుసు. పాడే మనిషి దగ్గర ఉన్న లోటుని వినే దేవుడు పూడ్చుకుంటాడు. కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికి ఆ ధీమా లేదు. జాన్ సర్ల్ అనే అమెరికన్ తత్వవేత్త 1980లో ఒక ఊహ చేశాడు. చైనా భాష బొత్తిగా రానివాణ్ని ఒక గదిలో పెట్టి, ఏ గుర్తులు లోపలికొస్తే ఏ గుర్తులు బయటికి పంపాలో నియమాల పుస్తకం ఇస్తారు. బయటివాళ్లు లోపలున్నవాడికి చైనా భాష వచ్చనుకుంటారు, వాడికేమో ఒక్క ముక్క అర్థం కాదు. కంప్యూటర్ చేసేదీ అంతేనని ఆయన వాదన. దాని మీద తగాదాలు ఇంకా తీరలేదు గాని, ఎక్సెల్ వరకు నాకా మాటతో పేచీ లేదు. ఆ మాట మాస్టారితో అంటే, "అయితే మీ యంత్రం త్వష్ట హోమం లాంటిది" అన్నారు. ఇంద్రుణ్ని చంపే కొడుకు కావాలని మంత్రం పలికితే స్వరం తప్పి, ఇంద్రుడి చేతిలో చచ్చే వృత్రుడు పుట్టాడు. త్వష్ట మనసులో ఏముందని అక్కడ ఎవరూ అడగలేదు, పలికిందే పని చేసింది.

దీనికి మిరపకాయల సాక్ష్యం ఉంది. నా పాత విద్యార్థి ఒకడు గుంటూరు వైపు ఒక కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్ దగ్గర పని చేస్తాడు. లాట్ నంబరు కొడితే రైతు పేరు, టిక్కీల లెక్క, మిర్చి రకం వచ్చేలా వీలుకప్ ఫార్ములా పెట్టుకున్నాడు. ఆ ఫార్ములా చివర 'ఫాల్స్' అని ఒక మాట ఉండాలి. అచ్చంగా ఆ నంబరే దొరికితే చెప్పు, లేకపోతే లేదను అని దాని భావం. ఆ మాట వదిలేసినా ఎక్సెల్ అలగదు. నంబర్లన్నీ చిన్న నుంచి పెద్దకి వరసలో ఉన్నాయనుకుని, సరిగ్గా అది దొరక్కపోతే దానికి దిగువనున్నది తెచ్చి ఇస్తుంది. మావాడు వదిలేశాడు. మొదట్లో పట్టీ వరసలోనే ఉండేది కాబట్టి అన్నీ సరిగ్గానే వచ్చాయి. సీజన్ ముమ్మరమయ్యాక కొత్త లాట్లు ఎక్కడ పడితే అక్కడ చేర్చారు. ఒకరి సరుకు ఇంకొకరి చీటీ మీదికి ఎక్కింది. తెర మీద ఎర్రగీత లేదు, హెచ్చరిక లేదు. "నేను 341 రకం వెయ్యనే లేదయ్యా, నాది తేజ" అని ఒక రైతు చీటీ తిప్పికొడితే గాని బయటపడలేదు. కంప్యూటర్ ముట్టుకోని ఆ రైతుకి చీటీలో మాట అర్థం తెలుసు, చీటీ ఇచ్చినవాడికి తెలీదు. ఆ కుర్రాడు ఫోన్ చేసి, "షీటు అబద్ధం చెబుతోంది మేడమ్" అన్నాడు. అబద్ధం చెప్పాలన్నా నిజమేదో తెలియాలి కదా! షీటుకి అదీ లేదు.

ల్యాబ్‌లో కుర్రాడికి నేను చెప్పిన జవాబు కూడా ఇదే. కంప్యూటర్‌కి తెలీదు గనకే నీకు తెలియాలి, ఆ బల్ల దగ్గర ఉన్నది మీ ఇద్దరే. ఫలం రావడానికి అర్థం అక్కర్లేదేమో. వచ్చింది నువ్వు కోరిన ఫలమేనా అని పోల్చుకోవడానికి మాత్రం అర్థం తప్ప దారి లేదు.

అలాగని తెలిసినవాళ్లు ప్రతి తప్పునీ దిద్దేస్తారనుకోకండి. ఎక్సెల్‌లో ఖాళీ గడిలో 60 కొట్టి, తేదీగా మార్చి చూడండి. 1900 ఫిబ్రవరి 29 అని వస్తుంది. ఆ రోజు లోకంలో రానే లేదు. 1582లో పోప్ 13వ గ్రెగొరీ తెచ్చిన క్యాలెండర్ ప్రకారం, వందతో ముగిసే ఏళ్లలో 400తో తెగేవే లీపు సంవత్సరాలు. 2000 లీపు, 1900 కాదు. 1983లో వచ్చిన లోటస్ 1-2-3 దాన్ని లీపుగా లెక్కగట్టింది. ఆ ఫైళ్ల తేదీలు తారుమారు కాకూడదని మైక్రోసాఫ్ట్ వాళ్లు తెలిసే ఆ తప్పుని ఎక్సెల్‌లో ఉంచారు. ఎక్సెల్ పోపుగారి మాట ధిక్కరిస్తోందని మా ఫాదరుగారికి చెబితే, "పాపసంకీర్తనానికి తీసుకురా" అన్నారు. తప్పని తెలిసి, నలుగురి కోసం మోసే ఆచారం మీద నాకు గౌరవమే. అది ఎందుకుందో చెప్పగలిగినవాళ్లు ఉన్నారు. వీలుకప్ చివరి మాట ఎందుకో మావాడు చెప్పలేకపోయాడు.

ఈ కోర్సుకి ప్రాక్టికల్ పేపర్లు తయారుచేసే తోటి లెక్చరర్లకి ఒక విన్నపం. "ఫలానా పట్టిక తయారుచెయ్యి" అని ఏటా అడిగే ప్రశ్నల్లో ఒకటి తీసేయండి. దాని బదులు తప్పు జవాబులిస్తున్న షీటు ఒకటి పిల్లల చేతిలో పెట్టి, ఎక్కడ చెడిందో, ఎలా తెలిసిందో తెలుగులో అయినా సరే రాయమనండి. రాసినవాళ్లకి సగం మార్కులు దానికే ఇవ్వండి.