అభిప్రాయమునకు మూల్యము

మానవుడు ధనమును వ్యయము చేయునపుడు లెక్క చూచుకొనును. అభిప్రాయమును వెలిబుచ్చునపుడు చూచుకొనడు. ధనము కష్టార్జితము, అభిప్రాయము అట్టిది కాదని అతని తలంపు. సాయంకాలమున ఏ మధ్యతరగతి గృహమునందైనను కొంతసేపు కూర్చున్నచో మూడు విషయములు తప్పక చర్చకు వచ్చును. యంత్రములు, ముఖ్యముగా చేతిలోని సెల్‌ఫోను, లోకమును బాగుచేయుచున్నవా, చెరచుచున్నవా అనునది మొదటిది. ఏ పక్షము దేశమును ఉద్ధరించును, ఏ పక్షము ముంచును అనునది రెండవది. నేటి పిల్లలు పెద్దల మాట ఏల వినరు, వారిని ఎట్లు పెంచవలెను అనునది మూడవది. ఈ మూడింటిని గూర్చియు అభిప్రాయము లేని పెద్దలు అరుదు. ఆ అభిప్రాయము తమకు ఎచ్చటనుండి వచ్చినదో పరిశీలించినవారు అంతకంటెను అరుదు.

ఇందు దోషమేమి యని కొందరు ప్రశ్నింతురు. పుణ్యపాపములు కర్మకు సంబంధించినవి గాని, పొద్దుపోకకై ఆడిన మాటకు సంబంధించినవి కావని వారి వాదము. ఈ వాదము ఎంతవరకు నిలుచునో తెలియుటకు ఒక దృష్టాంతమును గ్రహింపవచ్చును.

ఒక గృహస్థుడు రాత్రి భోజనసమయమున తన సెల్‌ఫోనులో వచ్చిన ఒక వార్తను ఇంటిల్లిపాదికిని చదివి వినిపించెను. ఆ ఊరిలోని ఒక వీథివారు అమ్ము పాలలో హానికరమైన పదార్థము కలియుచున్నదని దాని సారాంశము. వార్తను వ్రాసినదెవరో అతనికి తెలియదు. పదియేండ్ల కుమారుడు వినుచుండెను. మరునాడు పాఠశాలలో ఆ బాలుడు, ఆ వీథికి చెందిన సహపాఠి తెచ్చిన మజ్జిగను అందరియెదుట త్రోసివేసి, తండ్రి చదివిన మాటలనే పలికెను. ఆ సహపాఠి తండ్రి పాలు అమ్ముకొని జీవించువాడు. రెండు దినములకు వార్త అసత్యమని తేలినది. గృహస్థుడు, “పోనిమ్ము, అది నేను వ్రాసినది కాదు గదా” యని ఊరకుండెను. కాని ఆ ఇద్దరు బాలుర స్నేహము తెగిపోయినది. పొద్దుపోకకై ఆడిన మాట ఇచ్చట కర్మయే యైనది. దాని ఫలమును అనుభవించినవాడు మాత్రము వేరొకడు.

అభిప్రాయమును పరీక్షించు విధానము ఈ దేశమునకు క్రొత్తది కాదు. గౌతముని న్యాయశాస్త్రము ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణములను అంగీకరించినది. శబ్దమనగా చెవిని పడిన ప్రతి మాటయు కాదు, ఆప్తుని మాట. విషయమును స్వయముగా ఎరిగి, ఎరిగినదానిని ఎరిగినట్లు చెప్పగోరువాడే ఆప్తుడని భాష్యకారుడైన వాత్స్యాయనుడు వివరించెను. పైగృహస్థుడు పాలను పరీక్షింపలేదు, హేతువును విచారింపలేదు, వార్త పంపినవాడు ఆప్తుడో కాడో చూడలేదు. ఏ ప్రమాణమును లేని మాటను ప్రమాణమువలె కుమారునికి అందజేసెను. అసత్యమని ఎరిగి పలికినవాడు మాత్రమే సత్యవ్రతమును భంగపరచినట్లు కాదు. సత్యమో అసత్యమో తెలిసికొనవలెనను శ్రద్ధ లేక పలికినవాడును భంగపరచినట్లే.

యంత్రములను గూర్చిన అభిప్రాయములయందు ఈ శ్రద్ధాలోపము రెండువైపులను కనబడును. గ్రీకుతత్త్వవేత్త ప్లేటో తన ఫీడ్రస్ అను సంవాదమున ఒక కథ చెప్పెను. థ్యూత్ అను దేవత లిపిని కనిపెట్టి, ఇది జ్ఞాపకశక్తిని వృద్ధిచేయునని ఈజిప్టు రాజైన థామస్‌తో పలికెను. రాజు అందులకు అంగీకరింపక, వ్రాతపై ఆధారపడినవారు మరపునకు లోనగుదురనియు, జ్ఞానము లేకయే జ్ఞానులవలె తోచెదరనియు బదులుచెప్పెను. రాజు భయము నిరాధారము కాదు. అయినను ఆ భయము నేటివారికి తెలియవచ్చినది ప్లేటో దానిని వ్రాసియుంచుటవలననే. సాధనము కొంత ఇచ్చును, కొంత తీసికొనును. ఏమి ఇచ్చుచున్నది, ఏమి తీసికొనుచున్నది యని విచారింపక “యంత్రమే సర్వము” అనువాడును, “యంత్రమే సర్వనాశనము” అనువాడును సమానులే.

విచారించువారికి నేడు ఆధారములు లేకపోలేదు. ఒక సంవత్సరము లోపు శిశువులకు తెర చూపుట తగదనియు, రెండు మొదలు నాలుగేండ్ల పిల్లలకు దినమునకు 1 గంటకు మించరాదనియు ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో సూచించినది. 16 ఏండ్లలోపువారికి ప్రధానమైన సామాజిక మాధ్యమములలో ఖాతాలుండరాదని ఆస్ట్రేలియా 2024లో శాసనము చేసినది. అది 2025 డిసెంబరు 10 నుండి అమలులోనికి వచ్చినది. ఇట్టి సూచనలును శాసనములును మేలే. కాని భోజనపు పీటపై తన చేతిలోని తెరనుండి కన్ను త్రిప్పని తండ్రి, “నీవు దానిని ముట్టరాదు” అనునపుడు బిడ్డ నేర్చునది నిగ్రహము కాదు. నిగ్రహము బలహీనులకే విధింపబడునను పాఠమును నేర్చును.

రాజకీయముల విషయము ఇంతకంటె సున్నితమైనది. 61వ రాజ్యాంగ సవరణముచే 1989లో వోటుహక్కునకు కావలసిన వయస్సు 21 నుండి 18 ఏండ్లకు తగ్గింపబడినది. కావున నేడు పదియేండ్ల బాలుడు ఎనిమిదేండ్లలో రాజ్యనిర్ణయమున భాగస్వామి యగును. అతడు ఆ కార్యమునకు శిక్షణ పొందునది ఇంటి వసారాలోనే. న్యాయశాస్త్రము చర్చను మూడు విధములుగా విభజించినది. సత్యనిర్ణయమునకై చేయునది వాదము. గెలుపునకై చేయునది జల్పము. తన పక్షమును స్థాపింపక ఎదుటివానిని ఖండించుటయే పనిగా పెట్టుకొన్నది వితండ. వసారాలో జరుగు చర్చ ఈ మూడింటిలో ఏదియో బాలునికి పేర్లు తెలియకున్నను స్వరమునుబట్టి తెలియును. ఎదుటివాని మాటలో సత్యమున్నచో తండ్రి దానిని ఒప్పుకొనుట అతడు ఒక్కమారైనను చూచెనా? చూడనిచో అతడు రాజకీయము నేర్చుకొనలేదు, కలహమును నేర్చుకొనెను.

ఇచ్చట భక్తిమార్గావలంబులు ప్రత్యేకముగా గమనింపదగిన విషయము కలదు. 1949 నవంబరు 25వ తేదీన రాజ్యాంగసభలో ప్రసంగించుచు డాక్టర్ అంబేద్కర్, మతమున భక్తి ముక్తికి మార్గము కావచ్చును గాని, రాజకీయమున వ్యక్తిపూజ పతనమునకును నియంతృత్వమునకును దారితీయునని హెచ్చరించెను. ఆధ్యాత్మికదృష్టితో చూచినను ఇది యుక్తమే. భగవంతునికి అర్పింపవలసిన సంపూర్ణ శరణాగతిని దోషములుగల మానవునికి అర్పించుట రాజ్యమునకు హాని. అర్పించువానికి అంతకంటె హాని.

పిల్లల పెంపకమున ఈ రెండును వచ్చి కలియును. శ్రీరామకృష్ణులు ఒక వైద్యుని కథ చెప్పుచుండెడివారు. వైద్యుడు రోగికి మందిచ్చి, పథ్యమును చెప్పుటకు మరియొకనాడు రమ్మనెను. తిరిగివచ్చిన రోగికి బెల్లము తినవలదని మాత్రము చెప్పెను. ఈ చిన్నమాటకై అతనిని మరల రప్పించుటేల యని ఒకరు అడుగగా, మొదటినాడు తన గదిలో బెల్లపు కుండలుండెననియు, వానిని చూచిన రోగికి తన మాటయందు విశ్వాసము కుదరదనియు, నేడు వానిని తొలగించితిననియు వైద్యుడు బదులుచెప్పెను. ప్రతి గృహమునందును బెల్లపు కుండలు కలవు. బిడ్డలు మాటకంటె ముందుగా వానినే చూతురు.

అట్లైన, దోషములన్నియు తొలగువరకు తల్లిదండ్రులు నోరు విప్పరాదా? ఇది బలమైన ఆక్షేపము. పరిపూర్ణులు మాత్రమే బోధింపవలెనన్నచో బోధించువారే ఉండరు. మౌనమువలన బిడ్డకు మేలును కలుగదు. దీనికి సమాధానము తైత్తిరీయోపనిషత్తునందు కలదు. విద్య ముగించి గృహమునకు వెడలు శిష్యునితో ఆచార్యుడు, తమ నడవడియందు మంచివానినే అనుసరింపుమనియు, తక్కినవానిని అనుసరింపవలదనియు చెప్పును. తమయందు అనుసరింపదగనివియు కలవని ఆచార్యుడే ఒప్పుకొనుచున్నాడు! ఈ ఒప్పుకోలు అతని గౌరవమును తగ్గింపలేదు. బోధకునకు కావలసినది దోషరాహిత్యము కాదు, దోషమును దాచని సత్యసంధత.

ఛాందోగ్యమునందలి జబాల ఇంకను ఒక అడుగు ముందుకు వేసినది. తన గోత్రమేమని అడిగిన కుమారుడు సత్యకామునికి ఆమె కల్పితమైన పేరు ఒకటి చెప్పియుండవచ్చును. తనకు తెలియదని చెప్పెను. బాలుడు ఆ మాటనే గురుసన్నిధిని యథాతథముగా విన్నవించెను; ఆ సత్యమును చూచియే గురువు అతనిని శిష్యునిగా గ్రహించెను. తల్లి ఇచ్చిన “తెలియదు” అను మాటయే బిడ్డకు బ్రహ్మవిద్యాద్వారమును తెరచినది. నేటి గృహములలో మిక్కిలి అరుదుగా వినవచ్చు మాట ఇదియే.

ఆ గృహస్థునికిని ఇంకను మార్గము కలదు. కుమారుని చేయిపట్టుకొని ఆ పాలు అమ్మువాని ఇంటికి వెళ్లి, “తెలియని మాటను తెలిసినట్లు చదివితిని, నా బిడ్డ దానిని నమ్మెను, తప్పు నాది” అని చెప్పవచ్చును. అందులకు నాలుగు వీథులు నడువవలెను. తల కొంత వంపవలెను. అతడు నాడు చెల్లింపని మూల్యము అదియే. సెల్‌ఫోనును గూర్చి, దేశమును గూర్చి, పెద్దల మాటను గూర్చి అతడు సంవత్సరముల తరబడి చెప్పిన అభిప్రాయములన్నియు ఆ బాలుడు మరచిపోవచ్చును. ఆ నడకను మాత్రము మరువడు.