నేసినవాడు లేని లుంగీ

మనిషి కాలంలో వెనక్కి పోలేడనడానికి చదువుకున్నవాళ్ళు చెప్పే కారణం ఒకటుంది. 1991లో సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369'లో చూపినట్టు, వేలూరులో ఒకడు యంత్రమెక్కి 1526లో రాయలవారి విజయనగరంలో దిగాడనుకోండి. 60 కిలోల మనిషి. ఇక్కడి లెక్కలో 60 కిలోలు తరుగు, అక్కడ 60 కిలోలు మిగులు. పైగా అతని ఒంట్లోని అణువులు ఆనాటికే ఏ చెరువు నీళ్ళలోనో, ఏ వరిమడిలోనో ఉన్నాయి. పదార్థం పుట్టదు, నశించదు అని 1789లో లవాజియే రాసిన మాట ఏమైనట్టు?

ముందుకు పోయేవాడితో ఈ పేచీ లేదు. కూతురు రేవతితో బ్రహ్మలోకానికి వెళ్ళిన కకుద్మి, క్షణమాగి తిరిగొచ్చేసరికి 27 చతుర్యుగాలు గడిచాయి. రేవతి ఆ కాలానికి మరీ పొడవైతే బలరాముడు నాగలి కొనతో తగ్గించాడని విష్ణుపురాణం. (మిగిలిన ఒళ్ళు ఎటు పోయిందో పురాణం చెప్పదు!)

వెనక్కి పోయేవాడి బరువుకూ సమాధానం దొరికింది. 1988లో కిప్ థోర్న్, ఆయన శిష్యులు ఊహించిన కాలబిలానికి రెండు ద్వారాలు. మనిషి దూరిన ద్వారం అతని బరువంత బరువెక్కుతుంది, బయటపడిన ద్వారం అంత తేలికవుతుంది. జమాఖర్చు సరిపోయింది.

నాకు తీరని సందేహం వేరు. గుడియాత్తం వాణ్ణి గనుక లుంగీతోనే చెబుతాను. నా గళ్ళ లుంగీని తీసుకుపోయి మా తాతకిచ్చాను. ఆయన నాన్నకు, నాన్న నాకు ఇచ్చారు. అదే మళ్ళీ తాతకిచ్చాను. దాన్ని నేసిందెవరు? బట్ట గనుక ఉతికిన కొద్దీ వెలుస్తుంది. వెలిసినది కొత్తదిగా తిరిగి బయల్దేరలేదు కాబట్టి ఆ కథ సాగదు. కానీ బట్టకు బదులు గళ్ళ లెక్క మాత్రం చెప్పివచ్చాననుకోండి: పడుగులో ఎర్రపోగులెన్ని, నల్లపోగులెన్ని అని. లెక్క అరగదు, దానికి బరువూ లేదు. భౌతికశాస్త్రం అడ్డుచెప్పదు. అయినా ఆ గళ్ళను ఎవరూ ఆలోచించలేదు, ఎవరి కళ్ళూ నొప్పిపెట్టలేదు!

మగ్గమున్న ఊళ్ళో ఇది మింగుడుపడదు. "పాత డిజైనే, ఎవరిదీ కాదు" అని బేరగాడు ధర తగ్గించడం అందరమూ విన్నదే. ఎవరిదో తెలియదనడం వేరు, ఎవరిదీ కాదనడం వేరు. రెండోది నిజం కావాలంటే ఆ కాలబిలం ఉండి తీరాలి. అది లేనంతవరకు, మన వీధుల్లో ఆడే ప్రతి గళ్ళకూ మొదట పోగులు లెక్కపెట్టినవాడు ఒకడున్నాడు. అతనికి కూలి ముట్టిందో లేదో అడగవలసింది బేరగాణ్ణే.