నిషిద్ధాక్షరి ఎందుకు పెట్టారు?

మాస్టారు తెలుగు పండితులుగా రిటైరయ్యారు. అవధాన సభల్లో అవధానిని ప్రశ్నించే పృచ్ఛకులుగా కూర్చుంటారు. ఆయన దగ్గర చదువుకున్న అమ్మాయి ఇప్పుడు డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ లెక్చరర్. వాళ్ల వాదం మధ్య కూర్చుని విన్నవాణ్ణి నేను.

లెక్చరర్: అరవై అసైన్‌మెంట్లు దిద్దాను మాస్టారూ. అన్నింటిదీ ఒకటే గొంతు. చాట్‌జీపీటీ రాసిపెట్టిందని తెలుస్తూనే ఉంది, రుజువు మాత్రం లేదు.

మాస్టారు: పట్టుకునే సాఫ్ట్‌వేర్లు వచ్చాయన్నారే?

లెక్చరర్: వచ్చాయి. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ వాళ్లే 2023 జనవరిలో ఒకటి విడుదల చేశారు. వాళ్ల పరీక్షలోనే అది యంత్రం రాసినవాటిలో నూటికి 26 పట్టుకుంది. మనుషులు రాసినవాటిలో నూటికి 9 యంత్రానివే అంది. జులైకల్లా ఎత్తేశారు. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు టోఫెల్ పరీక్షకు రాసిన 91 వ్యాసాల్ని ఇలాంటి ఏడు సాధనాలకు చూపించారు. సగటున సగానికి పైగా యంత్రం రాసినవేనని తేల్చాయి.

మాస్టారు: తెలిసిన నాలుగు మాటలతో జాగ్రత్తగా రాసుకున్నవాడే దొంగలా కనిపిస్తాడన్నమాట. మన పిల్లలు రాసేదీ అలాంటి ఇంగ్లీషే. సరే, అసలు ఆ కాగితం ఎందుకు రాయించావు?

లెక్చరర్: పాఠం అర్థమైందో లేదో తెలుసుకోవడానికి.

మాస్టారు: గైడ్లు చూసి రాసిన రోజుల్లో తెలిసిందా?

లెక్చరర్: కనీసం చేత్తో రాసేవాళ్లు.

మాస్టారు: చెయ్యి నేర్చుకుంటే సరిపోతుందా? అవధానంలో నిషిద్ధాక్షరి ఎందుకు పెట్టారో ఎప్పుడైనా ఆలోచించావా? అవధాని ఒక్కో అక్షరం చెబుతుంటే, తర్వాత ఏది రాబోతోందో ఊహించి పృచ్ఛకుడు దాన్ని వద్దంటాడు. ఇంటి దగ్గర కట్టుకొచ్చిన పద్యం రెండు మూడు అక్షరాలు దాటదు. 'ఇది నువ్వే చెప్పావా?' అని ఆ సభలో ఎవరూ అడగరు, అడగాల్సిన పని లేదు. మీరేమో పద్యం ఇంటి దగ్గర రాసుకు రమ్మని, తర్వాత రుజువు వెతుకుతున్నారు.

లెక్చరర్: మీ సభలో అవధాని ఒక్కరు, పృచ్ఛకులు ఎనిమిదిమంది. నా క్లాసులో అరవైమంది అవధానులు, పృచ్ఛకురాలిని నేనొక్కదాన్నే.

మాస్టారు: అయితే ఆ యంత్రాన్నే పృచ్ఛకుణ్ణి చెయ్యి.

లెక్చరర్: దాదాపు అలాంటిదే చేసి చూశారు. టర్కీలో సుమారు వెయ్యిమంది హైస్కూలు పిల్లలతో, లెక్కల్లో. కొందరికి మామూలు చాట్‌బాట్ ఇస్తే సాధనలో 48 శాతం మెరుగయ్యారు. దాన్ని తీసేసి పరీక్ష పెడితే, అసలు ముట్టుకోని పిల్లలకంటే 17 శాతం వెనకబడ్డారు. తాము తక్కువ నేర్చుకున్నామని వాళ్లకు అనిపించను కూడా లేదట. ఇంకొందరికి జవాబు చెప్పకుండా దారి మాత్రమే చూపే చాట్‌బాట్ ఇచ్చారు. వాళ్లు సాధనలో 127 శాతం మెరుగయ్యారు, పరీక్షలో వెనకబడలేదు.

మాస్టారు: వెనకబడలేదు సరే, ముందుకెళ్లారా?

లెక్చరర్: లేదు.

మాస్టారు: మరింకేం!

లెక్చరర్: అలా కొట్టెయ్యకండి. మా క్లాసులో ఒకమ్మాయి ఉంది, ఆ ఇంట్లో కాలేజీ మొహం చూసింది తనే మొదలు. డిమాండ్ రేఖ కిందికి ఎందుకు వాలుతుందో యంత్రాన్ని తెలుగులో అయిదుసార్లు అడిగిందట. ఆరోసారి అడిగినా 'ఇది కూడా తెలీదా' అనదు కదా.

మాస్టారు: నిన్నెందుకు అడగలేదు?

(ఇది మాస్టారి అన్యాయం. క్లాసులో లేచి సందేహం అడిగిన పిల్లకు ఎదురయ్యే నవ్వులు ఆయనకు తెలియనివి కావు. సిగ్గుపడకుండా అడిగే చోటు దొరకడం చదువులో చిన్న సంగతేమీ కాదు. ఈ ఒక్క మెలికలో వాదం ఆమెదే అంటాను.)

ఆయన మాట మార్చారు.

మాస్టారు: పీహెచ్‌డీల సంగతేమిటి?

లెక్చరర్: యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రాతలతో పోలిక పది శాతం దాటకపోతే తప్పు లేదు. యంత్రం ఎక్కడా లేని వాక్యాలు అప్పటికప్పుడు అల్లిస్తుంది. కాబట్టి థీసిస్ ఆ కొలతలో సులువుగా నెగ్గుతుంది.

మాస్టారు: వైవా ఉందిగా?

లెక్చరర్: ఉంది. శాలువాలూ, ఫొటోలూ, టిఫిన్లూ కూడా ఉన్నాయి.

మాస్టారు చాలాసేపు నవ్వారు. తర్వాత ఆమె చెప్పింది: ఈ సెమిస్టరు నుంచి నాలుగు అసైన్‌మెంట్లకు బదులు ఒకటే పెడుతుందట. యంత్రం సాయం తీసుకున్నా అభ్యంతరం లేదు. కాకపోతే రాసినవాళ్లు ఎదురుగా కూర్చుని, అందులోంచే ఆమె వేసే ప్రశ్నలకు జవాబు చెప్పాలి. అరవైమందికి తలా అయిదు నిమిషాలంటే అయిదు గంటలు. మూడు అసైన్‌మెంట్లు దిద్దే పని తప్పింది కాబట్టి ఆమెకు భారం కాదు. టైంటేబుల్లో ఆ అయిదు గంటలకు చోటు చూపించాల్సింది మాత్రం ప్రిన్సిపాళ్లూ యూనివర్సిటీలూ. యంత్రం రాతను పట్టుకునే సాఫ్ట్‌వేర్లకు డబ్బు కట్టేముందు ఈ లెక్క ఒకసారి వేసి చూడండి.