బడి ఆవరణలో కొయ్య మొద్దులు

1943లో జర్మను సేనల ఆక్రమణలో నున్న డెన్మార్కు దేశమున, కోపెన్‌హేగెన్ శివారగు ఎమ్‌డ్రుప్‌నందు, ఉద్యానశిల్పి సోరెన్‌సెన్ భావన ననుసరించి, పలకలును పనిముట్లును బాలబాలికల కొసగి, తమ క్రీడాస్థలమును తామే నిర్మించుకొనుడని విడిచిపెట్టిరి. సిద్ధపరచిన ఉయ్యెలలకంటె ఇండ్లు కట్టు తావులలోని చెక్కముక్కలే పిల్లల నెక్కువగా నాకర్షించునని ఆయన యంతకుముందే గమనించియుండెను.

మన పాఠశాలలలో చైత్రపు టెండకు కాగి తొడలు కాల్చు ఇనుప జారుడుబల్లను చూచినప్పుడెల్ల ఆ పిల్లలకువలె నాకును దారువే మేలనిపించును. కొయ్య వేడిమిని మెల్లగా గాని చేతికి చేర్చదు. గాలివానకు కూలిన వేపనో తుమ్మనో వంటచెరకునకు అమ్మివేయక, బెరడు దీసి, పేళ్లు గ్రుచ్చుకొనకుండ నునుపు చేసి, చెదలంటకుండ రాళ్లపై నిలిపి, చుట్టును ఇసుక పోయించినచో, ఉదయమున నావయైన మొద్దే సాయంకాలమునకు వంతెన యగును. ఏటేట తొలకరికి ముందు దానిని తట్టి చూచి, పుచ్చినచో తొలగింపవలెను.