అంతట నున్న స్వామికై అహోబిలయాత్ర యేల?

భగవంతుడు సర్వాంతర్యామి యని శ్రుతులు చెప్పుచున్నవి. ఆ మాట నమ్మినవారే మూట కట్టుకొని, కొండలు దాటి, దూరక్షేత్రములకు పోవుచున్నారు. ఈ రెండింటికి పొంతన కుదురుట యెట్లు? స్వామి అంతట నున్నచో యాత్ర యేల? యాత్రయే ముఖ్యమైనచో కాలు కదపలేని వృద్ధుల గతి యేమి? ఇది పండితసభలలోని వాదము మాత్రమే కాదు. ఇంటింట పుట్టెడి ప్రశ్న.

కృష్ణాతీరమందలి యొక గృహమును తలచుకొందము. కుమారుడును కోడలును అహోబిలమునకు పోవ నిశ్చయించినారు. మంగళగిరి పానకాలస్వామి చేరువలోనే యున్నాడు. అయినను నవనారసింహులను సేవింపవలెనని ఆ యింట చిరకాలముగా కోరిక. నిజమునకు ఆ కోరిక తల్లిది. ఇప్పుడామెను మోకాళ్లు మెట్టెక్కనీయవు. “అమ్మా, నీవు రాని యాత్ర మాకెందుకు?” అనును కుమారుడు. “మీరు పోయి రండు నాయనా! నా నమస్కారము స్వామికి విన్నవింపుడు” అనును తల్లి. మాట నిబ్బరముగనే యుండును గాని కన్ను చెమ్మగిల్లును. ఆమె కోల్పోయిన దేమి?

ముందు క్షేత్రమును స్మరింతము. నేటి నంద్యాల జిల్లాయందు, ఆళ్లగడ్డకు ఆవల, నల్లమల కొండల నడుమ అహోబిలము కలదు. దిగువ అహోబిలమున ప్రహ్లాదవరదుని ఆలయము. అచ్చటినుండి సుమారు 8 కిలోమీటర్లు పోయిన ఎగువ అహోబిలము. ఇరుప్రక్కల నిటారుగా లేచిన కొండచరియలు, నడుమ లోయలో భవనాశని, గుహయందు స్వయంవ్యక్తుడైన ఉగ్రనరసింహుడు. జ్వాలానరసింహుని సన్నిధికి పోవు బాట రాళ్లమీదుగా సాగును. పైన కానవచ్చు ఉగ్రస్తంభమే స్వామి వెలువడిన కంబమని సంప్రదాయము. తిరుమంగై ఆళ్వారు పది పాశురములతో మంగళాశాసనము చేసిన దివ్యదేశమిది. ఈ త్రోవ యెంత దుర్గమమో ఆయన దాచక చెప్పినాడు. ఎఱ్ఱాప్రగడ తన నృసింహపురాణమును ఈ స్వామికే అంకిత మొనర్చినాడు.

అయితే ఆ స్తంభపుగాథయే మన ప్రశ్నను మరింత బిగించుచున్నది. ప్రహ్లాదుడు ఏ యాత్రయు చేయలేదు. తండ్రి సభలోని కంబమే ఆయనకు క్షేత్రమైనది. కావున యాత్ర వ్యర్థమని కొందరందురు. వారొక సంగతి మరచుచున్నారు. ప్రహ్లాదుడు తల్లి గర్భమున నుండగనే నారదుని ఉపదేశము వినినవాడు. ఆయన చూపు అప్పుడే తీర్పబడినది. మన యింటి స్తంభము మనకు స్తంభముగానే కనబడుచున్నది. లోపము స్వామి యునికిలో లేదు, మన చూపులో నున్నది.

పిళ్లైలోకాచార్యులు శ్రీవచనభూషణమున ఈ విషయమును నీటి దృష్టాంతముతో తేటపరచినారు. దప్పిగొన్నవానికి అంతర్యామిత్వము భూగర్భజలము వంటిది. కాలిక్రిందనే యున్నను త్రవ్వనిదే దొరకదు. అవతారములు ఏటివెల్లువ వంటివి. నాడు గట్టున నున్నవారే వానిని ఆస్వాదించిరి. అర్చామూర్తి ఆ వెల్లువ నిలిచిన మడుగు వంటిది. ఎప్పుడు వచ్చినవానికైనను దోసిటికి అందును.

ఈ దృష్టాంతము కృష్ణాతీరవాసులకు వివరించి చెప్పనక్కరలేదు. 1855లో విజయవాడయొద్ద ఆనకట్ట పూర్తియగునంతవరకు కృష్ణవరద చాలవరకు కన్నులయెదుటనే కడలి చేరుచుండెను. నిలిపినపిమ్మటనే అది కాలువలబట్టి పైరుకు నీరైనది. 1957లో ప్రకాశం బ్యారేజి ఆ పనిని అందుకొన్నది. నది గొప్పతనము తగ్గలేదు, మనకు అందినది. క్షేత్రమును ఇట్టిదే.

మరి ఇంట కూర్చున్న తల్లి మాట? ఆచార్యులవారే ఆ గ్రంథమున ప్రపత్తికి దేశనియమము గాని కాలనియమము గాని లేదని తేల్చినారు. శరణాగతి చేయుటకు కొండ యెక్కవలెనను విధి లేదు. అహోబిలస్వామి ఆచరణమును గమనింపుడు. ఏటేట సంక్రాంతివేళ పారువేట ఉత్సవము ఆరంభమగును. స్వామి పల్లకి నధిష్ఠించి, నలుబది దినములకు పైగా పరిసరగ్రామములలో సంచరించును. తన కల్యాణమునకు అందరిని పిలుచుటకై తానే బయలుదేరునని ప్రజల విశ్వాసము. చెంచులక్ష్మిని పరిణయమాడిన స్వామిని చెంచులు తమ యింటివానిగా భావింతురు. గుహలో నున్నవాడే గడపగడపకు వచ్చుచున్నాడు. రాలేనివారిని ఆయన మరచిన దినము లేదు.

ఇక పోగలిగినవారి ధర్మ మొకటి మిగిలియున్నది. కాలువ నీరు శివారు భూమికి చేరినదా లేదా యని రైతు చూచును. తలగట్టు పొలములు తడిసి శివారు బీటవారినచో ఆ కాలువను మెచ్చుకొనువా రుండరు. యాత్రఫలమును అట్లే పరీక్షింపవలెను. కుమారుడు తిరిగివచ్చి, బస దొరకని కష్టమును, ఎండను మాత్రమే ఏకరువు పెట్టి, తల్లి పిలిచిన విసుగుకొనినచో, అతడు ఉగ్రస్తంభమున చూచినది రాతిని మాత్రమే. అట్లుగాక, కాళ్లు కడుగుకొని ఆమె మంచముచెంత కూర్చుండి, ప్రసాదము చేతికిచ్చి, భవనాశని చప్పుడు మొదలు గుహలోని దీపమువరకు ఆమె అడిగినన్ని మారులు ఓపికతో చెప్పినచో, నీరు శివారుకు చేరినట్లే.

అంతట నున్నాడనుచు ఎచటను వెదకనివాడు సోమరి. క్షేత్రమున మాత్రమే యున్నాడని ఇంటివారిని మరచినవాడు అవివేకి. అహోబిలమున స్తంభమును చూచి వచ్చి, తన యింటి స్తంభమునొద్ద కూర్చున్న తల్లియందు స్వామిని గుర్తించినవాడే యాత్ర ముగించినవాడు.